పొగాకు మీద ప్రశ్న ఎవరు వేయాలి?

మేముండే క్యారీ ఊరి నుంచి డర్హమ్ నడిబొడ్డుకి కారులో అరగంట ప్రయాణం. అక్కడ ఎర్ర ఇటుకలతో కట్టిన పాత సిగరెట్ ఫ్యాక్టరీ ఒకటుంది. దాని పొగగొట్టం మీద, నీళ్ల ట్యాంకు మీద లక్కీ స్ట్రైక్ అన్న పేరు ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ ఫ్యాక్టరీ 1987లో మూతపడింది. 2004లో దాన్ని బాగుచేసి ఆఫీసులుగా, హోటళ్లుగా మార్చారు. మన తెలుగు పిల్లలు చాలామంది అక్కడే కంప్యూటర్ల ముందు కూర్చుని ఉద్యోగాలు చేశారు, చేస్తున్నారు.

నేను పెళ్లై ఈ దేశం వచ్చింది 1986లో. మొదటిసారి డర్హమ్ వెళ్లినప్పుడు కారు అద్దం దించగానే ఓ వాసన కొట్టింది. మా ఆయన ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. అది మా ఇంటి వాసన. ఒంగోలు దగ్గర టంగుటూరు ప్రాంతంలో మాది పొగాకు సేద్యం. మాఘమాసంలో బ్యారన్ తలుపు తీస్తే వచ్చే తియ్యటి, ఘాటైన వాసన అదే. పది వేల మైళ్లు దాటొచ్చి, భాష రాని ఊళ్లో దిగులుగా ఉన్నదానికి నాన్న పక్కన నిలబడినట్టు అనిపించింది.

నా చదువు, పెళ్లి, విమానం టిక్కెట్టు అన్నీ ఆ ఆకు పెట్టినవే. ఆ ఆకే ఏటా లక్షలమందిని చంపుతుందన్నది కూడా నాకు తెలుసు. ఈ రెండు నిజాలనూ ఒకే సంచిలో వేసుకుని నలభై ఏళ్లుగా తిరుగుతున్నాను.

కొన్నేళ్ల క్రితం ఇక్కడి ఒక విశ్వవిద్యాలయం వాళ్లు పొగాకు నివారణ మీద పరిశోధనలు ఏ దిశగా సాగాలో మాట్లాడదాం రమ్మని రకరకాల మనుషుల్ని పిలిచారు. దక్షిణాసియా వాళ్ల తరఫున నేనూ వెళ్లాను. డాక్టర్లు, బడి పంతుళ్లు, సిగరెట్ మానేసినవాళ్లు, మానలేకపోయినవాళ్లు, ఒక రైతు ఉన్నారు. మా అందరినీ కలిపి వాళ్లు 'స్టేక్‌హోల్డర్లు' అన్నారు. ఇంటికొచ్చాక ఆ మాటకి తెలుగు వెదికాను. వాటాదారు అందామంటే అది షేర్లకు సంబంధించిన మాట. భాగస్వామి అందామంటే వ్యాపారం గుర్తొస్తుంది. మా నాన్నయితే 'ఆ పని వల్ల బాగుపడేవాళ్లూ చెడిపోయేవాళ్లూ' అని ఊరుకునేవాడు. నాకు అదే నచ్చింది. బాగుపడేవాళ్లనూ చెడిపోయేవాళ్లనూ పిలిచి, ఏది పరిశోధించాలో అడగడం అనే ఆలోచన ఎక్కడ పుట్టింది, ఎవరిని పిలిచారు, ఎవరిని మరిచారు అని ఆ రోజు నుంచి చదవడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ చదువు ఫలితం.

డర్హమ్ నుంచి గుంటూరుకు

ముందు ఈ ఊరికీ మా ఊరికీ ఉన్న చుట్టరికం చెప్పాలి. మా బ్యారన్‌లో ఆకును పసుపుపచ్చగా కాల్చే పద్ధతి పుట్టింది ఈ నార్త్ కరొలైనాలోనే. 1839లో కాస్వెల్ కౌంటీలో ఎబిషా స్లేడ్ అనే ఆసామి పొలంలో స్టీఫెన్ అనే బానిస యువకుడు ఆకు ఆరబెట్టే మంటకు కాపలా ఉన్నాడు. కునుకు పట్టి లేచేసరికి మంట ఆరిపోతోంది. గాభరాపడి కొలిమి దగ్గరున్న బొగ్గులు తెచ్చి వేశాడు. ఆ పొగలేని వేడికి ఆకు బంగారు రంగు తేలింది. తర్వాత గొట్టాల ద్వారా వేడి పంపే బ్యారన్లు వచ్చాయి. ఆ ఆకుతో ఆసామి డబ్బు చేసుకున్నాడు. స్టీఫెన్‌ను ఎవరూ ఏమీ అడగలేదు, అతనికి ఏమీ దక్కలేదు.

తర్వాత డర్హమ్‌లో జేమ్స్ బుకానన్ డ్యూక్ 1880లలో బాన్‌సాక్ యంత్రం పెట్టి సిగరెట్లను వేలం వెర్రిగా తయారుచేయించాడు. అతని అమెరికన్ టొబాకో కంపెనీకీ, ఇంగ్లండులోని ఇంపీరియల్ కంపెనీకీ పోరు జరిగి, చివరికి రాజీ కుదిరి 1902లో బ్రిటిష్ అమెరికన్ టొబాకో పుట్టింది. ఆ కుదురు నుంచే 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా, 1912లో గుంటూరులో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ వచ్చాయి. మనవాళ్లు నోరారా 'ఐ.ఎల్.టి.డి.' అనే కంపెనీ ఇదే. 1920ల చివరికి గుంటూరు నల్లరేగళ్లలో వర్జీనియా ఆకు వ్యాపార పంటగా నిలదొక్కుకుంది.

1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వచ్చింది. 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది. 1985లో ఆంధ్రలో బోర్డు వేలం కేంద్రాలు మొదలయ్యాయి. ఆ మార్పు చిన్నది కాదు. అంతకుముందు కంపెనీ ఏజెంటు ఆకు చేత్తో నలిపి చెప్పిందే ధర. పరిశోధన సంస్థ వాళ్లు మా ఊరు వచ్చినప్పుడల్లా నాన్న కుర్చీలు వేయించి మజ్జిగ ఇప్పించేవాడు. ఏ విత్తనం దిగుబడి ఎక్కువ, ఏ తెగులుకు ఏ మందు, ఆకు రంగు ఎలా తేవాలి అన్నవే వాళ్ల ప్రధాన ప్రశ్నలు. అవి రైతుకు కావలసినవే, కాదనను. కానీ ఆకు కోసే ఆడవాళ్లను ఎవరూ ఏమీ అడిగినట్టు నాకు గుర్తులేదు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

దొంగే కాపలాదారైన కథ

అమెరికాలో పొగాకు మీద పరిశోధన ఏ దిశగా సాగాలన్న పెత్తనం మొదట తీసుకున్నది ఎవరో తెలుసా? సిగరెట్ కంపెనీలే.

1950లో అమెరికాలో విండర్, గ్రాహమ్, ఇంగ్లండులో డాల్, హిల్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ సిగరెట్‌కీ సంబంధం ఉందని బలంగా చూపించారు. 1953 చివరికి ఎలుకల చర్మం మీద పొగాకు తారు పూస్తే కణుతులు వచ్చాయన్న వార్త పేపర్లకెక్కింది. ఆ డిసెంబరులో పెద్ద కంపెనీల అధిపతులు న్యూయార్క్ ప్లాజా హోటల్‌లో కలిశారు. హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార సంస్థ సలహా ఇచ్చింది. సైన్సును కాదనవద్దు, మనమే సైన్సుకి డబ్బు పెడదాం అన్నది దాని సారాంశం. 1954 జనవరి 4న నాలుగు వందలకు పైగా పత్రికల్లో నిండుపేజీ ప్రకటన వేశారు. ప్రజల ఆరోగ్యమే తమకు ముఖ్యమని, పరిశోధనకు సాయపడతామని మాటిచ్చారు. అలా టొబాకో ఇండస్ట్రీ రిసెర్చ్ కమిటీ పుట్టింది. 1964లో దాని పేరు కౌన్సిల్ ఫర్ టొబాకో రిసెర్చ్ అని మార్చారు.

ఆ డబ్బుతో మంచి శాస్త్రజ్ఞులు మంచి పరిశోధనలే చేశారు. గమ్మత్తంతా అక్కడే ఉంది. వంశపారంపర్యం గురించి, కణాల మూలతత్వం గురించి ఎన్నో ప్రశ్నలకు డబ్బు దొరికింది. 'సిగరెట్ కాలిస్తే క్యాన్సర్ వస్తుందా? మానిపించడం ఎలా?' అన్న ప్రశ్నలకు దొరకలేదు. అబద్ధపు జవాబులు కొనడం కన్నా ప్రశ్నలను పక్కదారి పట్టించడం చవకని వాళ్లకు తెలిసింది. ఈ సంగతులన్నీ 1990లలో కంపెనీల రహస్య కాగితాలు బయటపడ్డాక లోకానికి తెలిశాయి. 1994లో ఒక పెట్టెడు కాగితాలు శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ స్టాంటన్ గ్లాంజ్‌కు అజ్ఞాతంగా చేరాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో ఏడుగురు కంపెనీ అధిపతులు కాంగ్రెస్ ముందు ప్రమాణం చేసి, నికొటిన్ వ్యసనం కాదని తాము నమ్ముతున్నట్టు చెప్పారు. టీవీలో అది చూసి మా ఆయన, "మీ నాన్న కూడా ఇంత ధైర్యంగా చెప్పడు" అన్నారు. 1998 ఒప్పందంతో ఆ కౌన్సిల్ మూతపడింది. 2006లో జడ్జి గ్లాడిస్ కెస్లర్ ఈ కంపెనీలు దశాబ్దాల పాటు జనాన్ని మోసగించాయని తీర్పు చెప్పారు.

ఇక ప్రభుత్వం వైపు చూద్దాం. 1962లో సర్జన్ జనరల్ లూథర్ టెర్రీ ఒక సంఘం వేయాలనుకున్నారు. క్యాన్సర్ సొసైటీ, హార్ట్ అసోసియేషన్, వైద్యుల సంఘం, ప్రభుత్వ శాఖలతో పాటు కంపెనీల తరఫున టొబాకో ఇన్‌స్టిట్యూట్‌ను కూడా పిలిచి, నూట యాభై పేర్ల జాబితా చేతికిచ్చారు. మీకు నచ్చని పేరు కారణం చెప్పకుండా కొట్టేయండి అన్నారు. ఈ విషయం మీద అంతకుముందే బహిరంగంగా అభిప్రాయం చెప్పినవాళ్లను తీసుకోలేదు. చివరికి పదిమంది మిగిలారు. వాళ్లలో సగం మంది పొగతాగేవాళ్లే. ఏడు వేలకు పైగా వ్యాసాలు పరిశీలించి, స్టాక్ మార్కెట్ అల్లకల్లోలం కాకుండా 1964 జనవరి 11న, శనివారం నాడు, నివేదిక విడుదల చేశారు. సిగరెట్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమని తేల్చారు.

మన ఊరి పంచాయతీల్లో కూడా 'ఈ పెద్దమనిషి నాకొద్దు' అనే హక్కు ఇరుపక్షాలకూ ఉండేది. తీర్పు వచ్చాక మనిషిని తప్పుపట్టడానికి వీలుండదు. టెర్రీ చేసింది అదే. కంపెనీలకు మనుషుల్ని కొట్టేసే వీలిచ్చాడు గాని, ప్రశ్నను మార్చే వీలివ్వలేదు. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే మిగతా కథ సులువుగా అర్థమవుతుంది.

పెట్టెకు పావలా

పరిశోధన దిశను మామూలు జనం ఓటుతో మార్చిన సందర్భం కాలిఫోర్నియాలో వచ్చింది. 1988 నవంబరులో ప్రాపొజిషన్ 99 అనే తీర్మానాన్ని ఓటర్లు 58 శాతం మద్దతుతో గెలిపించారు. దాన్ని ఓడించడానికి కంపెనీలు రెండు కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాయి. 1989 జనవరి నుంచి సిగరెట్ పెట్టె మీద పన్ను పది సెంట్ల నుంచి ముప్ఫై అయిదు సెంట్లకు పెరిగింది. ఆ పావలాలో ఇరవై శాతం ఆరోగ్య ప్రచారానికి, అయిదు శాతం పరిశోధనకు కేటాయించారు. ఆ అయిదు శాతంతో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో పొగాకు సంబంధిత వ్యాధుల పరిశోధన కార్యక్రమం మొదలైంది.

అయిదు శాతమే కదా అనుకోవద్దు. ఎవరి డబ్బు అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. పొగతాగేవాడి జేబులోంచి వచ్చిన డబ్బును, ఓటరు మంజూరు చేసిన డబ్బును, ఏ ప్రశ్నకు ఖర్చుపెట్టాలి? మొదట్లో చాలా భాగం ప్రయోగశాలల్లో జీవశాస్త్రానికి వెళ్లింది. బయట సిగరెట్ మానిపించడానికి పనిచేసే సంఘాలు గొడవ చేశాయి. పిల్లలు ఎందుకు మొదలుపెడుతున్నారు, ఏ ప్రచారం పనిచేస్తోంది అన్నవి కూడా పరిశోధనలే కదా అన్నారు. ఇంకోపక్క 1990లలో శాసనసభ, గవర్నరు కలిసి ప్రచారానికీ పరిశోధనకూ ఉన్న డబ్బును వైద్య సేవలకు మళ్లించారు. లంగ్ అసోసియేషన్ వంటి సంఘాలు కోర్టుకెక్కి గెలిచాయి. డబ్బు కాపాడింది వాళ్లు కాబట్టి వాళ్ల మాట వినక తప్పలేదు.

1990ల చివరికి అక్కడ కొత్తరకం గ్రాంట్లు వచ్చాయి. ఒక పేటలో పనిచేసే సంఘమూ, ఒక విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడూ సమాన భాగస్వాములుగా దరఖాస్తు పెట్టాలి. ప్రశ్న ఇద్దరూ కలిసి తయారుచేయాలి. బళ్లతో కలిసి చేసే గ్రాంట్లు కూడా అలాంటివే. 2012లో మరో పన్ను తీర్మానం వెంట్రుకవాసిలో ఓడిపోయింది. 2016లో ప్రాపొజిషన్ 56 గెలిచి పెట్టెకు రెండు డాలర్ల పన్ను పెరిగింది. దాంట్లో కొంత మళ్లీ ఈ పరిశోధన కార్యక్రమానికే చేరింది.

రైతుకి కుర్చీ వేసిన రోజు

మా నాన్న 1999 వేసవిలో ఒక్కసారి అమెరికా వచ్చారు. నయాగరా చూపిస్తానంటే, "నీళ్లు పడటం చూడ్డానికి అంత దూరం ఎందుకమ్మా, మీ ఊళ్లో పొగాకు చేను చూపించు" అన్నారు. ఒక పొలానికి తీసుకెళ్లాను. ఆ రైతు మంచివాడు. లోపలికి రమ్మని ఆకు చేతికిచ్చాడు. నాన్న ఆకు వేళ్ల మధ్య సాగదీసి, వాసన చూసి, "నూనె దండిగా ఉంది" అన్నారు. నేను తర్జుమా చేస్తే ఆ రైతు నవ్వి భుజం తట్టాడు. ఇద్దరూ రెండు గంటలు మాట్లాడుకున్నారు. తలలు తుంచడం, పిలకలు తీయడం, గ్రేడు తగ్గించి చూపే కొనుగోలుదారు గురించి. తర్జుమా చేస్తున్నది నేనే కాబట్టి చెప్పగలను, ఎవరి మాట ఎవరిదో కలగాపులగమైపోయింది.

వచ్చేటప్పుడు ఆ రైతు అన్న మాట ఒకటి నాన్న చాలాకాలం తలుచుకున్నారు. కంపెనీలూ ప్రభుత్వాలూ వేల కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాయి, మమ్మల్ని మాత్రం ఎవరూ పిలవలేదు అన్నాడతను. 1998 నవంబరులో నలభై ఆరు రాష్ట్రాలు కంపెనీలతో చేసుకున్న ఒప్పందం గురించి ఆ మాట. పాతికేళ్లలో 206 బిలియన్ డాలర్ల లెక్క అది. తర్వాత రైతులకు వేరే నిధి ఏర్పడింది. నార్త్ కరొలైనా తన వాటాలో సగం పొగాకు మీద బతికే పల్లెల కోసం 1999లో గోల్డెన్ లీఫ్ అనే సంస్థ ద్వారా ఖర్చుచేయాలని నిర్ణయించింది.

అప్పటికే ఒక మంచిపని మొదలైంది. 1998 మార్చిలో ఆరోగ్య సంఘాలూ పొగాకు రైతు సంఘాలూ కలిసి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. 2000 సెప్టెంబరులో అధ్యక్షుడు క్లింటన్ ఒక కమిషన్ వేశారు. దానికి ఇద్దరు అధ్యక్షులు. ఒకరు కెంటకీ బర్లీ పొగాకు రైతు రాడ్ క్యూగెల్. మరొకరు పిల్లల్ని పొగాకు నుంచి కాపాడే ఉద్యమ నాయకుడు మాథ్యూ మయర్స్. పామూ ముంగిసా అనుకున్నవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని 2001 మేలో నివేదిక ఇచ్చారు. పొగాకును ఎఫ్.డి.ఏ. అదుపులో పెట్టాలని ఆ రైతు ఒప్పుకున్నాడు. రైతును వీధినపడేయకుండా కోటా విధానాన్ని మార్చి పరిహారం ఇవ్వాలని ఈ ఉద్యమకారుడు ఒప్పుకున్నాడు.

2004 అక్టోబరులో కోటా కొనుగోలు చట్టం వచ్చింది. 1938 నుంచి ఉన్న కోటా రద్దయింది. కోటా యజమానికి పౌనుకు ఏడు డాలర్లు, పండించినవాడికి మూడు డాలర్లు చొప్పున పదేళ్ల పాటు చెల్లించారు. ఎఫ్.డి.ఏ. అధికారం మాత్రం ఆ చట్టంలోంచి జారిపోయి, 2009 జూన్ దాకా ఆగింది. ఆ 2009 చట్టం ఒక శాస్త్రీయ సలహాసంఘాన్ని ఏర్పరచింది. అందులో కంపెనీలకూ, పొగాకు పండించే రైతులకూ ప్రతినిధులుంటారు. మాట్లాడవచ్చు గాని వాళ్లకు ఓటు లేదు. ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. చెప్పేది వింటాం, తీర్పు మాత్రం మీ చేతికివ్వం అన్నమాట.

అదే సమయంలో మా ఊళ్లో ఏం జరిగింది? 2000-01లో నిల్వలు పేరుకుపోయాయని ఆంధ్రలో పొగాకుకు క్రాప్ హాలిడే ప్రకటించారు. అలవాటుగా వెలిగే బ్యారన్ ఆ ఏడు చల్లగా పడి ఉంది. ఫోన్లో నాన్న, "ఇక్కడా ఆ ముసలాయన లాంటి రైతే కదమ్మా నేనూ. నన్నెవరూ ఆ బల్ల దగ్గరికి పిలవలేదు" అన్నారు. ఏం చెప్పాలో తెలియలేదు. 2015లో ధరలు పడిపోయి ప్రకాశం జిల్లా పొగాకు రైతులు ఆత్మహత్యలు చేసుకున్న వార్తలు చదివినప్పుడు ఆ మాటే చెవిలో మోగింది. అప్పటికి నాన్న లేరు. 2006లో గుండెపోటుతో పోయారు. రోజుకు నాలుగు చుట్టలు కూడా ఒక కారణమే అన్నారు డాక్టరు.

మంచు తడిసిన ఆకు

ఇప్పుడు ఆకు కోసే ఆడవాళ్ల దగ్గరికి వస్తాను. మా వైపు పొగాకు ఆకు కోత చలికాలంలో. తెల్లవారుజామున మంచు కారుతుండగానే కూలీలు చేలో దిగేవాళ్లు. చంకలో ఆకు మోపు పెట్టుకుంటే చీర, రవిక తడిసి ముద్దయ్యేవి. పదకొండింటికల్లా వాళ్లలో ఒకరిద్దరు గట్టు మీద కూర్చుని వాంతులు చేసుకునేవాళ్లు. తల తిరుగుతోందనేవాళ్లు. 'పైత్యం చేసింది, నిమ్మకాయ నీళ్లివ్వండి' అని అమ్మ చెప్పేది. కొత్త కోడలికైతే ఇంకో శుభవార్త అనుకునేవాళ్లు. పన్నెండేళ్ల వయసులో కర్రలకు ఆకు అల్లడానికి కూర్చున్నప్పుడు నాకూ ఒకసారి అలాగే అయింది.

అది పైత్యం కాదు, నికొటిన్ విషం. తడి ఆకులోంచి నికొటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. దీన్ని అమెరికాలో 1970లో ఫ్లోరిడా కూలీలలో గుర్తించారు, తర్వాత దీనికి 'గ్రీన్ టొబాకో సిక్‌నెస్' అన్న పేరు వచ్చింది. ఇక్కడ నార్త్ కరొలైనాలో వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ ఆర్కరీ, సారా క్వాంట్ అనే పరిశోధకులు 1990లలో మెక్సికో నుంచి వచ్చిన పొలం కూలీలతో, వాళ్ల సంఘంతో కలిసి పనిచేశారు. శాస్త్రజ్ఞులు పురుగుమందుల గురించి, కూలీలు తమ ఒంటి బాధల గురించి మాట్లాడుకుంటూ పరిశోధనను నడిపించారు. పొగాకు కోతలో ఒక్క సీజన్లో దాదాపు నాలుగోవంతు కూలీలకు ఈ జబ్బు వస్తోందని 2001లో ప్రకటించారు. పొగతాగే కూలీలకు, ఒళ్లు అలవాటు పడిపోవడం వల్ల, ఆ బాధ తక్కువగా కనిపిస్తుందని కూడా తేలింది. మా ఊళ్లో చుట్ట కాల్చే ముసలమ్మలు వాంతులు చేసుకోకపోవడానికి కారణం యాభై ఏళ్లకు నాకు అర్థమైంది.

మందు ఖరీదైనది కాదు. ఆకు ఆరేదాకా ఆగడం, తడిబట్టలు మార్చుకోవడం, పైన ప్లాస్టిక్ కోటు, పని అవగానే స్నానం. ఇంత చిన్న సంగతి మా కూలీలకు ఎవరూ ఎందుకు చెప్పలేదు? పంట పెంచే శాస్త్రజ్ఞుడి దృష్టి ఆకు మీద, వ్యాధి చూసే శాస్త్రజ్ఞుడి దృష్టి పొగతాగేవాడి మీద. మధ్యనున్న మనిషి ఎవరి లెక్కలోనూ లేదు. మా ఇంటి లెక్కలోనూ లేదు, అది ఒప్పుకోవాలి. ఆ కూలి మిగుల్చుకునే నేను చదువుకున్నాను.

గోధుమలు కొనిపెట్టిన పరిశోధన

మన తెలుగు నేలమీద ఒక గొప్ప పరిశోధన జరిగింది. మనలో చాలామందికి తెలియదు. శ్రీకాకుళం, విశాఖ తీరాన ఆడవాళ్లు చుట్టను తిరగేసి, నిప్పు నోట్లో ఉండేలా కాల్చే అలవాటుంది. అడ్డపొగ అంటారు. గాలికీ నీటికీ నిప్పు ఆరదని, నుసి చంటిబిడ్డ మీదో కూరలోనో పడదని చెబుతారు. అంగిట్లో క్యాన్సర్ తెస్తుందని 1940లలో బొంబాయి టాటా ఆసుపత్రి ఖానోల్కర్, తర్వాత విశాఖ వైద్యులు రాశారు. 1960ల చివర్లో ఫాలీ మెహతా నాయకత్వంలో టాటా ఇన్‌స్టిట్యూట్ దంతవైద్య పరిశోధన బృందం దేశంలో అయిదు జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి యాభై వేలమంది నోళ్లు పరీక్షించింది. శ్రీకాకుళంలో పదివేల మందిని చూస్తే నూటికి 44 మంది అడ్డపొగ తాగేవాళ్లే.

దానికి డబ్బు ఎక్కడిదో తెలుసా? అమెరికా పి.ఎల్.480 పథకం కింద మనకు గోధుమలు అమ్మి, వచ్చిన రూపాయలను ఇండియాలోనే ఉంచింది. ఆ రూపాయల్లోంచి అమెరికా ఆరోగ్య సంస్థలు ఇచ్చిన గ్రాంటు అది. మా అమ్మ ఆ గోధుమరవ్వతో ఉప్మా చేస్తే మొహం చిట్లించుకుని తిన్న తరం మాది.

ఆ బృందం అక్కడితో ఆగలేదు. 1970ల చివరి నుంచి శ్రీకాకుళంతో సహా మూడు జిల్లాల్లో ముప్ఫై ఆరు వేలమంది పొగాకు వాడేవాళ్లకు ఇంటికెళ్లి నచ్చజెప్పి, సినిమాలు చూపించి, మానితే ఏమవుతుందో ఏళ్లతరబడి చూశారు. మాన్పించడం సాధ్యమేనని, నోటిలోని తెల్లమచ్చలు తగ్గుతాయని తేలింది. ఆ ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అక్కడి అమ్మలను ముందుగా ఎవరూ సమావేశానికి పిలవలేదు, నిజమే. కానీ గుమ్మం ముందు కూర్చుని 'ఎందుకు తిరగేసి కాలుస్తారమ్మా?' అని అడిగినవాళ్లు జవాబు విన్నారు. ఆ వినడం వల్లే పరిశోధన పనికొచ్చింది.

మన ఇంటికి వచ్చిన ఫోను

చివరిగా మన సంగతి. 2003 ప్రాంతంలో మా ఇంటికి ఆరోగ్య సర్వే ఫోనొకటి వచ్చింది. మా అత్తగారు మాతో ఉండేవారు. ఇంట్లో ఎవరైనా సిగరెట్లు కాలుస్తారా? లేదన్నాను. నమిలే పొగాకు, స్నఫ్ ఏమైనా? వాళ్లు చెప్పిన అమెరికన్ బ్రాండ్ల పేర్లన్నిటికీ లేదు లేదు అన్నాను. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే అత్తగారు తమలపాకులో చిటికెడు కారా పొగాకు పెట్టి మడుస్తున్నారు. నేను అబద్ధం ఆడలేదు. వాళ్లు సరైన ప్రశ్న అడగలేదు. ఆ సర్వేలో మా ఇల్లు 'పొగాకు లేని ఇల్లు'గా లెక్కకెక్కింది.

ఇండియన్ దుకాణాల్లో పచ్చళ్ల పక్కనే గుట్కా, జర్దా అమ్మిన రోజులు మనందరికీ తెలుసు. కాలిఫోర్నియాలో 2004లో భారతీయుల కోసం ప్రత్యేకంగా ఒక పొగాకు సర్వే చేశారు. దాన్ని రూపొందించినవాళ్లలో మనవాళ్లు కూడా ఉన్నారు. మన ఇళ్లు లెక్కలోకి రావాలంటే మన మాటలు ప్రశ్నలోకి రావాలి.

విశ్వవిద్యాలయం పిలిచిన ఆ సమావేశంలో నా వంతు వచ్చినప్పుడు ఇదే చెప్పాను. జర్దా అనే మాట రాసుకోండి, చుట్ట అనే మాట రాసుకోండి, ఆకు కోసేవాళ్లను కూడా పిలవండి అన్నాను. ఒకాయన, అలాగైతే కంపెనీలను కూడా పిలవాలి కదా, వాళ్లకూ సంబంధం ఉంది కదా అని అడిగారు. అప్పుడు నాకు 1954 నాటి ప్రకటన గుర్తొచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు ఒడంబడిక 2005 నుంచి అమల్లో ఉంది. అందులో 5.3 అధికరణం, పొగాకు విధానాలను కంపెనీల ప్రయోజనాల నుంచి కాపాడాలని చెబుతుంది. 17వ అధికరణం రైతులకూ కూలీలకూ వేరే బతుకుదారి చూపాలంటుంది. ఇండియా ఆ ఒడంబడికను 2004లోనే ఆమోదించింది. అమెరికా సంతకం చేసింది గాని ఆమోదించలేదు. రైతును ముందు నిలబెట్టి వెనక నుంచి కంపెనీ మాట్లాడటం కూడా మనం చూసిందే. అందుకని రైతును పిలిచేటప్పుడు అతని ప్రయాణం ఖర్చు ఎవరు పెట్టుకున్నారో అడగాలి. ఆ మాట కూడా చెప్పాను. అందరూ నవ్వారు. ఆ రైతు మాత్రం తలూపాడు.

ఈ వ్యాసం చదివే మీలో చాలామంది గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, గోదావరి లంకల నుంచి వచ్చినవాళ్లు. మీ చదువు వెనక కూడా ఎక్కడో ఒక బ్యారన్ ఉండవచ్చు. దానికి సిగ్గుపడనక్కర్లేదు, గర్వపడనూ అక్కర్లేదు. ఈసారి సర్వే ఫోను వస్తే విసుక్కుని పెట్టేయకండి. వాళ్లు అడగని సంగతి ఉంటే మీరే చెప్పండి. సమావేశానికి రమ్మంటే ఒక శనివారం ఉదయం వెళ్లండి.

నిరుడు ఊరు వెళ్లినప్పుడు మా బ్యారన్ చూశాను. పైకప్పు సగం పడిపోయింది. చుట్టూ సుబాబుల్ తోట పెరిగింది. తలుపు తోసి లోపల నిలబడితే ఇన్నేళ్ల తర్వాత కూడా సన్నగా ఆ వాసన ఉంది. నా వెంట వచ్చిన ముసలమ్మ ఒకప్పుడు మా చేలో ఆకు కోసిన మనిషి. "అప్పుడు పొద్దున్నే వాంతులెందుకయ్యేవో తెలుసా పెద్దమ్మా?" అని అడిగి, సంగతంతా చెప్పాను. ఆమె చాలాసేపు విని, "అయితే అది పైత్యం కాదన్నమాట" అంది. కాసేపాగి, "ఆ మాట అప్పుడే చెప్పుంటే మంచు ఆరాక దిగేవాళ్లం కదే అమ్మాయ్" అంది.